నాన్సీ కార్ట్‌రైట్ (తత్వవేత్త)

నాన్సీ కార్ట్‌రైట్ (జననం: 1944 జూన్ 24) అమెరికాకు చెందిన తత్వవేత్త. భౌతికశాస్త్ర నియమాల విమర్శతో ఆరంభించి, అర్థశాస్త్రంలోని కార్యకారణ సంబంధాలను, ఆపై ప్రభుత్వ విధానాలకు ఆధారమయ్యే సాక్ష్యాలను పరిశీలించింది. ఇదే పేరు గల కార్టూన్ చిత్రాల గాత్రనటి వేరొకరు.

విద్య, అధ్యాపనం

ఈమె 1966లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో గణితశాస్త్ర పట్టా పుచ్చుకొన్నది. 1971లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు చికాగో ప్రాంగణంలో క్వాంటం సిద్ధాంతంపై పరిశోధనకు డాక్టరేటు పొందింది. 1973 నుండి స్టాన్‌ఫర్డ్‌లోను, 1991 నుండి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోను బోధించింది. 2012లో డర్హమ్ విశ్వవిద్యాలయంలో చేరింది. శాన్‌డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కూడా ఆచార్యురాలుగా పనిచేసింది. 1993లో మెకార్థర్ ఫెలోషిప్ లభించింది.

నియమాల పరిమితి

భౌతికశాస్త్ర నియమాలు అబద్ధమాడతాయన్న అర్థం వచ్చే శీర్షికతో 1983లో వెలువడిన 'హౌ ది లాస్ ఆఫ్ ఫిజిక్స్ లై' ఈమెకు పేరు తెచ్చింది. శీర్షిక చూసి ఇది విజ్ఞానశాస్త్రాన్ని తిరస్కరించే గ్రంథమని భ్రమపడరాదు. విద్యుదావేశం గల రెండు వస్తువుల నడుమ మొత్తం బలం గురుత్వాకర్షణ నియమం ఒక్కటే చెప్పినంత ఉండదు; ఇతర బలాలేవీ లేనప్పుడే ఆ లెక్క సరిపోతుంది. మౌలిక నియమాలు ఇటువంటి ప్రత్యేక పరిస్థితులలోనే యథాతథంగా వర్తిస్తాయని ఈమె వాదన. 1999 నాటి 'ది డాపుల్డ్ వరల్డ్'లో దీనినే విస్తరించింది. నగర కూడలిలో గాలికి ఎగిరిపోయే కరెన్సీ నోటు ఎక్కడ పడుతుందో ఏ ఒక్క సిద్ధాంతమూ చెప్పలేదన్న ఉదాహరణను ఆస్ట్రియా తత్వవేత్త ఆటో నాయ్‌రాత్ నుండి గ్రహించింది. అది లెక్కలోని చిక్కే గాని నియమాల లోపం కాదని ప్రతిపక్షుల సమాధానం. ఈ వివాదం తేలలేదు.

ప్రభుత్వ విధానాలు

ఒకచోట ఫలించిన పథకం మరొకచోట ఫలిస్తుందా అన్న ప్రశ్నకు ఈమె తరచు చూపే ఉదాహరణ మన పొరుగుదే. 1980లో తమిళనాడులో మొదలైన సమగ్ర పోషకాహార పథకం తల్లులకు పోషణ గురించి బోధించి, బలహీనులైన పిల్లలకు అదనపు ఆహారం అందించింది. ఫలితాలు బాగున్నాయి. అదే పద్ధతిని 1990లలో బంగ్లాదేశ్‌లో అమలు జరిపితే ఆశించిన మేలు కనబడలేదు. అక్కడ అనేక కుటుంబాలలో అంగడికి వెళ్ళేది మగవారు, ఇంట్లో వడ్డన నిర్ణయించేది అత్తగారు. బోధన మాత్రం తల్లికి జరిగింది! అదనపు ఆహారం కూడా కొన్ని ఇళ్ళలో మామూలు భోజనానికి బదులుగా మారిపోయింది.

టెన్నెసీ రాష్ట్రంలో తరగతిలో పిల్లల సంఖ్య తగ్గిస్తే చదువు మెరుగుపడిందని చూసి కాలిఫోర్నియా 1996లో అదే పని చేయగా, తగినంతమంది శిక్షణ పొందిన ఉపాధ్యాయులు, గదులు లేక ఫలితం నిరాశపరచింది. ఈ విషయాలను జెరెమీ హార్డీతో కలసి వ్రాసిన 'ఎవిడెన్స్-బేస్డ్ పాలసీ' (2012)లో సామాన్య పాఠకులకు సైతం అర్థమయ్యేలా వివరించింది.

యాదృచ్ఛిక ప్రయోగాలు వ్యర్థమని ఈమె అనలేదు. అవి ఆ ప్రయోగం జరిగినచోట ఏమైందో చెబుతాయి. మరొకచోటికి ఆ ఫలితాన్ని తీసుకుపోవాలంటే అక్కడి తోడ్పాటు అంశాలను విడిగా తెలుసుకోవాలి. నోబెల్ గ్రహీత ఆంగస్ డీటన్‌తో కలసి 2018లో ప్రచురించిన వ్యాసంలో ఈ అభిప్రాయాన్ని అర్థశాస్త్రవేత్తల ముందుంచింది.