కట్టినవాడు, కట్టించినవాడు

ఎక్కడైనా భవనం కూలిందన్న వార్త చదివినప్పుడల్లా నాకు ఒక నల్లరాతి స్తంభం జ్ఞాపకం వస్తుంది. 1901లో సూసా శిథిలాలలో బయల్పడి, నేడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న హమ్మురాబి శాసనమది. దానిలో 229 నుండి 233 వరకు గల సూత్రాలు ఇల్లు కట్టేవాని బాధ్యతను గురించినవి. ఇల్లు కూలి యజమాని మరణిస్తే కట్టినవానికి మరణదండన. యజమాని కొడుకు మరణిస్తే కట్టినవాని కొడుకుకు మరణదండన. తండ్రి తప్పుకు బిడ్డను బలిగోరే ఆ న్యాయాన్ని నేను న్యాయమనలేను. అయితే చివరి సూత్రం వేరు. గోడ ఒరిగితే కట్టినవాడు తన సొమ్ముతోనే దానిని బలపరచాలి. అంటే, ప్రాణం పోకముందే బాధ్యత మొదలవుతున్నదన్నమాట.

కట్టినవాడు కాదన్నా కట్టించినవాడు వినకపోతే ఏమిటన్న ప్రశ్న మాత్రం ఆ సూత్రాలలో లేదు. సియోల్ నగరంలోని సాంపుంగ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ కథ సరిగ్గా అదే.

నాలుగంతస్తుల కట్టడంగా మొదలైన దానిని యజమాని లీ జూన్ నడుమలో దుకాణ సముదాయంగా మార్చాడు. పైన అయిదవ అంతస్తు కోరాడు. గుత్తేదారు సంస్థ నిరాకరించగా దానిని తొలగించి, తన సొంత సంస్థచేతనే పని పూర్తిచేయించాడు. దూలాలు లేకుండా స్తంభాలే నేరుగా కప్పును మోసే నిర్మాణమది. అటువంటి చోట 80 సెంటీమీటర్లు ఉండవలసిన స్తంభాలు 60కి తగ్గాయి. పై అంతస్తులో హోటళ్లు వెలిశాయి. 1993లో కప్పుమీది భారీ శీతలీకరణ యంత్రాలను క్రేనుతో ఎత్తక, దొర్లించుకుంటూ మరొక మూలకు జరిపారు. కప్పు బీటలు వారింది. గుంజ డేరా గుడ్డను చీల్చుకొని పైకి పొడుచుకొచ్చినట్లు, స్తంభాలు కప్పును చీల్చసాగాయి.

1995 జూన్ 29 ఉదయానికి ఆ బీటలు అందరికీ కనబడుతున్నాయి. యాజమాన్యం పై అంతస్తులో కొంత భాగాన్ని మూసి, క్రింద బేరాలు మాత్రం ఆపలేదు. సాయంత్రం ఆరు కావస్తుండగా భవనంలో ఒక పార్శ్వం క్షణాలలో నేలమట్టమైంది. 502 మంది మరణించారు. తొమ్మిది వందలకు పైగా గాయపడ్డారు. భూకంపం లేదు, బాంబు లేదు.

లీ జూన్‌కు మొదట పదిన్నర ఏళ్లు, అప్పీలులో ఏడున్నర ఏళ్లు శిక్ష పడింది. ఆయన కుమారుడికీ శిక్ష పడింది, తండ్రి చేసిన తప్పుకు కాదు, తన తప్పుకే. లంచం తీసుకొని అనుమతులిచ్చిన అధికారులూ జైలుకు వెళ్లారు. హమ్మురాబి నాటికీ నేటికీ న్యాయం నడిచిన దూరం ఇదేనని నాకు తోస్తుంది: ఎవరి తప్పుకు వారే, కాని తప్పులో చేయి ఉన్నవారందరూ.

మన దేశంలో నిర్లక్ష్యంవల్ల మరణం సంభవిస్తే పాత శిక్షాస్మృతి 304-ఎ ప్రకారం గరిష్ఠ శిక్ష రెండేళ్లే. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షను దానిని అయిదేళ్లు చేసింది. సంతోషమే. కాని శిక్ష ఎంత పెరిగినా అది శవాలు లేచిన తరువాతి మాట. నన్ను వేధించేది ఆ జూన్ ఉదయం. బీట కనబడిన క్షణానికీ కప్పు కూలిన క్షణానికీ మధ్య కొన్ని గంటల వ్యవధి ఉంది. "అందరూ బయటికి వెళ్లండి" అన్న ఒక్క మాటకు ఆ వ్యవధి ఎంతో ఎక్కువ. ఆనాటి అమ్మకాల లెక్క ముందు ఆ మాట పెగలలేదు.