కొల్లేటి సీమలో చిన్న వ్యాపారాలు: నవకల్పన, మనుగడ

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలనూ కైకలూరు, మండవల్లి, ఆకివీడు వంటి కొల్లేరు సరస్సు అంచు ఊళ్లనూ కలుపుకొని ఉన్న ప్రాంతంలో వరి మిల్లులు, నూనె మిల్లులు, చేపల చెరువులు, ఐసు ఫ్యాక్టరీలు, మేత దుకాణాలు, ఉల్లి మండీలు, తివాచీ మగ్గాలు ఒకదాని పక్కన ఒకటి పెరిగాయి. వీటిలో చాలా భాగం కుటుంబ పెట్టుబడితోనూ బంధువుల చేబదుళ్లతోనూ మొదలై, యజమాని తానే కాటా దగ్గర నిలబడి నడుపుకొనే వ్యాపారాలు. వర్ధమాన దేశాలలో చిన్న వ్యాపారం కొత్తదనాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది, ఏ బలంతో నిలుస్తుంది అన్న ప్రశ్నకు ఈ సీమ చరిత్ర ఒక స్పష్టమైన సమాధానం ఇస్తుంది: ఒకరి పనిలో మిగిలినది మరొకరికి ముడిసరుకయ్యేంత దగ్గరగా పలు వృత్తులు ఉన్నచోట, సరుకు అమ్ముడుపోయే అంగడి చేతికి అందేచోట చిన్నవాడు కొత్త పద్ధతులు కనిపెడతాడు; ఈ రెండింటిలో ఏది తెగినా ఎంత నైపుణ్యమున్నా నిలవలేడు.

ఇక్కడ నవకల్పన అంటే కొత్త యంత్రాన్ని కనిపెట్టడం ఒక్కటే కాదు. ఆస్ట్రియాకు చెందిన ఆర్థికవేత్త జోసెఫ్ షుంపీటర్ 1911లో ప్రచురించిన గ్రంథంలో కొత్త వస్తువు, కొత్త తయారీ పద్ధతి, కొత్త అంగడి, ముడిసరుకుకు కొత్త ఆధారం, వ్యాపారాన్ని కొత్తగా అమర్చుకోవడం అనే ఐదింటినీ నవకల్పనలుగానే లెక్కించాడు. చిన్న వ్యాపారం అన్న మాటకు భారతదేశంలో చట్టబద్ధమైన నిర్వచనం 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం నుంచి వచ్చింది. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న సవరణ ప్రకారం యంత్రపరికరాలపై 2.5 కోట్ల రూపాయల లోపు పెట్టుబడి, 10 కోట్ల లోపు వార్షిక టర్నోవరు ఉన్నది సూక్ష్మ సంస్థ. 25 కోట్ల పెట్టుబడి, 100 కోట్ల టర్నోవరు వరకు చిన్న సంస్థ.

తవుడు నుంచి చేప దాకా

ఈ ప్రాంత వ్యాపారాలకు మూలం వరి. ధాన్యాన్ని మరపట్టినప్పుడు దాని బరువులో సుమారు ఐదో వంతు ఊకగానూ, 5 నుంచి 8 శాతం దాకా తవుడుగానూ విడిపోతుంది. ఊక బాయిలర్లకు, ఇటుక బట్టీలకు పోతుంది. తవుడులో 15 నుంచి 20 శాతం వరకు నూనె ఉంటుంది గాని, బియ్యం నుంచి విడివడిన క్షణం నుంచే లైపేజ్ అనే ఎంజైము ఆ నూనెను విరగగొట్టి ఆమ్లాలుగా మారుస్తుంది కనుక, కొద్ది రోజులు నిల్వ ఉంచిన తవుడు నుంచి తీసిన నూనె వంటకు పనికిరాదు. అందుచేత హెక్సేన్ అనే ద్రావకంతో నూనె తీసే సాల్వెంట్ ప్లాంట్లు మిల్లులకు దగ్గరలోనే ఉండక తప్పదు. తాడేపల్లిగూడెం నూనెల పరిశ్రమకు పేరుపడటానికి చుట్టూ ఉన్న వరి మిల్లులు ఒక ముఖ్య కారణం. నూనె తీయగా మిగిలిన తవుడును వ్యాపారులు డీఓబీ అంటారు. ఒకప్పుడు ప్రధానంగా పశువుల దాణాకు పోయిన ఈ సరుకు కొల్లేటి చేపకు ప్రధాన మేత అయింది.

ఒక పరిశ్రమ తన ముడిసరుకు కోసం వెనుకనున్న పరిశ్రమలనూ, తన ఉత్పత్తితో ముందునున్న పరిశ్రమలనూ లేపి నిలబెట్టడాన్ని ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1958లో వెనుక, ముందు అనుబంధాలుగా వివరించాడు. ఒకే వృత్తివారు ఒకేచోట గుమిగూడినప్పుడు పనిలోని మెళకువ ఏ ఒక్కరి సొత్తుగానూ మిగలక ఊరంతా పాకుతుందని మరో ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లోనే గుర్తించాడు. నేటి ఆర్థికవేత్తలు క్లస్టర్ అని పిలిచే ఈ పరిశ్రమల సమూహం కొల్లేటి అంచున ఏ పథకమూ గీయకుండానే ఏర్పడింది.

సంచి మేత

కొల్లేటి చేపల పెంపకానికి శాస్త్ర పునాది బయటి నుంచే వచ్చింది. హార్మోను ఇంజెక్షనుతో భారతీయ కార్పు చేపల చేత గుడ్లు పెట్టించే పద్ధతిని శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి 1957లో ఒడిశాలో సాధించిన తరువాతే, పిల్లల కోసం నదుల మీద ఆధారపడవలసిన అవసరం క్రమంగా తప్పింది. 1970వ దశకంలో ప్రభుత్వం మత్స్యకారుల సహకార సంఘాలకు సరస్సులో చెరువులు ఏర్పాటు చేయగా, 1980వ దశకంలో వరి రైతులు సైతం పొలాలకు గట్లు వేసి చెరువులుగా మార్చుకున్నారు. ఆరు రకాల చేపలను కలిపి పెంచమని పరిశోధన సంస్థలు సిఫారసు చేసినా, రైతులు తమ అనుభవాన్నీ తూర్పు భారతపు గిరాకీనీ చూసుకొని శీలావతిని ప్రధానంగానూ బొచ్చెను కొద్దిపాటిగానూ నిలుపుకొన్నారు. శాస్త్రం ఇచ్చినదాన్ని యథాతథంగా తీసుకోకుండా అంగడి చూసి సవరించుకోవడం చిన్న వ్యాపారపు నవకల్పనలో ముఖ్య లక్షణం.

ఈ సీమలో పుట్టిన పద్ధతులలో సంచి మేత ప్రత్యేకంగా చెప్పుకోదగినది. మేతను నీటిలో చల్లితే చాలా భాగం అడుగునున్న బురదలో కలిసి నీటినే చెడగొడుతుంది. రైతులు వాడేసిన ప్లాస్టిక్ ఎరువుల గోతాలకు అడుగుభాగాన వరుసలుగా చిల్లులు పొడిచి, తవుడూ నూనెగింజల చెక్కా కలిపి నింపి, చెరువులో వరుసగా పాతిన వెదురు కర్రలకు నీటిలో మునిగేలా కట్టారు. పొద్దున పడవ మీద వెళ్లి మేత కట్టిన కొద్ది రోజులకే చేపలు ఆ చోట్లు గుర్తుపట్టి, చిల్లుల దగ్గర మూతులు పెట్టి మేతను పీల్చుకోవడం అలవాటు చేసుకుంటాయి. సాధారణంగా రెండు మూడు గంటలలో గోతాలు ఖాళీ అవుతాయి. ఖాళీ కాకపోతే నీటిలో ప్రాణవాయువు తగ్గిందనో, చేపకు జబ్బు తగిలిందనో, మబ్బు పట్టడం వల్ల ఆకలి మందగించిందనో పాలేరు వెంటనే పసిగడతాడు. పైసా అదనపు ఖర్చు లేని ఆ పాత గోతం మేతను పొదుపు చేయడంతో పాటు చెరువు ఆరోగ్యాన్ని తెలిపే పరికరం కూడా అయింది. ఏ ప్రయోగశాలా రూపొందించని ఈ పద్ధతికి పేటెంటూ లేదు, యజమానీ లేడు. గట్టు మీద నిలబడి చూసినవారందరూ నేర్చుకున్నారు.

రెండో మార్పు చేప పిల్లలకు సంబంధించినది. పిల్లలను ఇరుకు చెరువులలో ఒత్తుగా వదిలి, మేత తగ్గించి, దాదాపు ఏడాదిపాటు ఎదుగుదలను అదుపులో పెట్టి, ఆ తరువాత పెంపకపు చెరువులోకి మారిస్తే అవి ఆగిన ఎదుగుదలను వేగంగా పూడ్చుకుంటాయి. పెద్ద పిల్లలు కనుక చావులూ తగ్గుతాయి. దీనితో హేచరీ నడిపేవారు, పిల్లల చెరువులు నడిపేవారు, పెద్ద చేపను పెంచేవారు వేరువేరు వ్యాపారులయ్యారు. పని విడిపోయినకొద్దీ తక్కువ పెట్టుబడితో ఒక్క మెట్టు మీదనైనా ప్రవేశించే వీలు కలిగింది. పరిశోధన సంస్థల పాత్రను దీనివల్ల తక్కువ చేయడం సరికాదు. భువనేశ్వర్ సమీపంలోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ నార్వే సహకారంతో 1992లో మొదలుపెట్టిన ఎంపిక ప్రజననం వల్ల జయంతి రోహు అనే శీలావతి రకం వచ్చింది. రైతు ఒక్కడే తన చెరువులో అలాంటి పనిని తరాల పాటు చేయలేడు.

అంగడి, అప్పు

ఈ చేపను తినేవారిలో ఎక్కువమంది వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో, పశ్చిమ బెంగాల్‌లోనూ అస్సాంలోనూ ఉన్నారు. తెల్లవారుజామున వల లాగి, పట్టుబడి చేపను కాటా వేసి, ట్రేలలో చేప ఒక వరస, నలగ్గొట్టిన ఐసు ఒక వరస పేర్చి లారీ ఎక్కిస్తేనే హౌరా మార్కెట్టుకు చెడకుండా చేరుతుంది. ఐసు ఫ్యాక్టరీ, ప్యాకింగు కూలీలు, లారీ, కమీషన్ వ్యాపారి అనే నలుగురిలో ఏ ఒక్కరు లేకపోయినా రైతు కనిపెట్టిన మేత పద్ధతికి విలువ లేదు. దేశీయ అంగడి ఇచ్చే రక్షణ ఎగుమతికి పోయే రొయ్యతో పోల్చితే బోధపడుతుంది. టైగరు రొయ్య 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్‌కు కుదేలైంది. 2009లో అనుమతి పొందిన వనామీ రకం దాని స్థానాన్ని ఆక్రమించినా, 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ నేరుగా ఆంధ్ర రొయ్యల రైతుకే తగిలింది. శీలావతికి ఆ సుంకపు దెబ్బ తగలలేదు. చిన్న పెట్టుబడిదారుకు ఎక్కువ ధర కంటే నిలకడైన కొనుగోలుదారే ముఖ్యమని దీన్నిబట్టి చెప్పవచ్చు.

అప్పు విషయంలో ఈ సీమ అనుభవం మిశ్రమమైనది. మేత దుకాణదారు అరువు మీద మేత ఇస్తాడు, కమీషన్ వ్యాపారి అడ్వాన్సు ఇస్తాడు, పట్టుబడి నాడు లెక్క తేలుతుంది. సరుకుతో ముడిపడిన ఈ వ్యాపార పరపతి బ్యాంకు అడిగే పత్రాలు లేనివారికి ప్రాణాధారం. అయితే అప్పిచ్చినవాడికే చేప అమ్మాలన్న కట్టుబాటు ధరను కోసేస్తుంది. చెరువును లీజుకు తీసుకున్నవారి చేతిలో పట్టా ఉండదు కనుక బ్యాంకు రుణం వారికి అందడం కష్టం. తనఖా లేని రుణాలకు పూచీ ఇచ్చే ట్రస్టు 2000లోనూ, చిన్న రుణాలిచ్చే ముద్ర పథకం 2015 ఏప్రిల్ 8నా ఏర్పడ్డాయి. రుణం దానంతటదే మేలు చేయదని ఇదే రాష్ట్రం చూసింది: వసూళ్ల వేధింపులు పెరిగి, సూక్ష్మరుణ సంస్థలను కట్టడి చేయడానికి 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. రుణం కంటే సకాలంలో రావలసిన బకాయి చాలామందికి ఎక్కువ అవసరం. చిన్న సంస్థకు 45 రోజులలోగా సొమ్ము చెల్లించాలని 2006 చట్టం చెబుతున్నా పెద్ద కొనుగోలుదారులు పాటించకపోవడంతో, గడువు దాటిన మొత్తాన్ని చెల్లించేదాకా ఖర్చుగా చూపుకోనివ్వని నియమం 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టంలో అమలుకు వచ్చింది.

తివాచీ, లేసు

ఏలూరు తివాచీ కొల్లేటి చేపకు ఎదురు ఉదాహరణ. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్లు ఇక్కడ స్థిరపడి ఈ విద్య తెచ్చారని సంప్రదాయం చెబుతుంది. ముడి వేసి నేసే ఈ ఉన్ని తివాచీలో నైపుణ్యానికి ఏనాడూ లోటు లేదు. లోటు చుట్టూ ఉండవలసిన వృత్తులలో వచ్చింది. 19వ శతాబ్ది చివర చవక రసాయన రంగులు వచ్చి దక్షిణాది తివాచీల పేరు దెబ్బతిన్నది. తరువాత ఎగుమతి ఆర్డర్లు కొద్దిమంది చేతులలో ఉండి, నేతగాడికి కొనుగోలుదారు ముఖమే తెలియని స్థితి వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని భదోహి, మీర్జాపూర్‌లలో రంగు అద్దేవారు, నూలు వడికేవారు, ఎగుమతిదారులు, శిక్షణ సంస్థ ఒకేచోట చేరి ఆ ప్రాంతాన్ని దేశపు తివాచీ కేంద్రంగా నిలపగా, ఏలూరులో మగ్గాలు తగ్గుతూ వచ్చాయి.

గోదావరి డెల్టాలోని నరసాపురం లేసు కథ ఇంకా బాధాకరమైనది. ఇళ్లలో కూర్చుని అల్లే స్త్రీలకు ముక్క లెక్కన కూలి దక్కగా, అంగడి పురుష వ్యాపారుల చేతిలోనే ఉండిపోయిందని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982 నాటి గ్రంథంలో వివరంగా చూపింది. కొత్త నమూనా అల్లినందుకు లాభం అల్లినవారికి రాకపోతే నమూనాలు కొత్తవి కావు. ఏలూరులోనే 1946లో ఆలపాటి రామచంద్రరావు స్థాపించిన అంబికా అగరుబత్తి సంస్థ సొంత పేరుతో నేరుగా ఇళ్లలోకి చేరి నిలవడాన్ని దీనితో పోల్చి చూడాలి.

సరస్సు

కొల్లేటి చేపల వ్యాపారానికి అతి పెద్ద ముప్పు దాని విజయం నుంచే వచ్చింది. చెరువుల గట్లు పెరిగినకొద్దీ బుడమేరు, తమ్మిలేరు వాగులు తెచ్చే వరదకు చోటు తగ్గింది. 1999 అక్టోబరులో ప్రభుత్వం ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టం నుంచి ఐదడుగుల ఎత్తు గీత వరకు గల 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో సరస్సు రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట లోపలి చెరువుల గట్లను పగలగొట్టారు. సంఘాలకు ఇచ్చిన చెరువులు అప్పటికే చాలాచోట్ల బయటి పెట్టుబడిదారుల లీజులోకి పోయి ఉండటంతో, గట్లు తెగినప్పుడు పెట్టుబడి ఉన్నవారు మరోచోటికి మళ్లగలిగారు గాని, వల ఒక్కటే ఆస్తిగా ఉన్న వడ్డీ అనే మత్స్యకార కులస్థులకు అటు చెరువూ ఇటు పాత సరస్సూ లేకుండా పోయాయి. ఉమ్మడి వనరును కాపాడే ఏర్పాటు ముందే లేకపోతే నవకల్పన ఫలితం బలవంతులకు, నష్టం బలహీనులకు చేరుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన నీరు చివరికి కొల్లేటికే చేరి లంక గ్రామాలను చుట్టుముట్టింది. ఇన్ని వాగుల నీటినీ సముద్రానికి మోసే దారి ఉప్పుటేరు ఒక్కటే. దాని పూడిక తీయడం, ఆక్రమణలు తొలగించడం, లీజు రైతుకు పట్టాతో పని లేకుండా రుణం, బీమా అందించడం అనే మూడు పనులు కొత్త పథకాలెన్నింటికన్నా ముందు జరగవలసినవి. ఇవి జరగనంతకాలం ఈ సీమలోని చిన్న చెరువు ఒక్క వరద దూరంలోనే ఉంటుంది.