ఏనుగు కింద నలిగిపోయిన కెరీర్

మొన్న ఆదివారం చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర టీ తాగుతుంటే మా ఫ్రెండొకడు అడిగాడు, "ఒరేయ్, నలభై దాటాక కూడా గెలిచిన హెవీవెయిట్ ఫైటర్ ఎవడైనా ఉన్నాడా?" అని. వాడికి యూఎఫ్‌సీ పిచ్చి. రాండీ కుటూర్ అన్నాను.

1963లో పుట్టాడు. యూఎఫ్‌సీలో అడుగుపెట్టింది 1997లో, అంటే దాదాపు ముప్ఫై నాలుగేళ్ళకి. మనలో చాలామంది అప్పటికి మేనేజర్లయిపోయి పొట్టలు పెంచుతుంటారు :) 2006లో రిటైరయ్యాడు. మళ్ళీ 2007 మార్చిలో తిరిగొచ్చి, 43 ఏళ్ళ వయసులో, టిమ్ సిల్వియాని అయిదు రౌండ్లలో ఓడించి హెవీవెయిట్ టైటిల్ పట్టుకుపోయాడు. 2008లో బ్రాక్ లెస్నర్ చేతిలో ఓడాడు. 2011లో 47 ఏళ్ళకి ఆఖరి ఫైటు, అదీ ఓటమే. ఏ రౌండులో ఏం జరిగిందో అంతా వీడియోలో ఉంది. మన భాషలో చెప్పాలంటే లాగ్ ఫైలు భద్రంగా ఉంది.

"మరి మనవాళ్ళెవరూ లేరా?" అన్నాడు. కోడి రామ్మూర్తి నాయుడు అన్నాను. "ఆ ఏనుగు ఆయనా?" అని నవ్వాడు.

ఇదే నా బాధ. 1882లో వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, అక్కడే కుస్తీ నేర్చుకున్న మనిషి. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగొచ్చి విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా పనిచేశాడు. ఆ తర్వాత సొంత సర్కస్ కంపెనీ పెట్టి ఊళ్ళు తిరిగాడు. కలియుగ భీముడు, ఇండియన్ హెర్క్యులస్ అన్నారు. చివర్లో కాలు తీసేయాల్సి వచ్చింది. 1942లో పోయాడు. వైజాగ్ బీచ్‌లో విగ్రహం ఉంది, శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరుంది.

కానీ జనానికి గుర్తున్నది ఛాతీ మీద ఏనుగు, తెగిన గొలుసులు, ఆపేసిన మోటారు కార్లు. వాటిలో నిజమెంతో తేల్చడం నా వల్ల కాదు. నిజమే అనుకున్నా, ఏనుగు తిరిగి కొట్టదు కదా! ఒక మనిషి బలాన్ని వయసు ఎలా తినేసింది, ఎన్నేళ్ళకి తగ్గడం మొదలైంది, కంపెనీలో అంతమందికి జీతాలెలా ఇచ్చాడు, కాలు పోయాక ఏమనుకున్నాడు... కెరీర్ అంటే ఇవి. ఇవే దొరకవు. పొగడ్తలు బ్యాకప్ అయ్యాయి, అసలు డేటా పోయింది.

మా తాతయ్యది విజయనగరం వైపే. వాళ్ళ నాన్న ఆ సర్కస్ చూశారని చెప్పేవారు. నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఫిజిక్సు లెక్కలు తీసి, "ఇంత బరువు మనిషి మొయ్యలేడు తాతయ్యా" అని వాదించేవాణ్ణి. ఆయన నొచ్చుకుని ఆ మాటే మానేశారు. ఏనుగు సంగతి వదిలేసి "ఆ రోజు ఇంకేం చూశార్ట, టికెట్టెంతట, ఆయన ఎలా ఉండేవార్ట?" అని అడిగుంటే సరిపోయేది. తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది.

మీ ఇళ్ళల్లో ఆ వైపు పెద్దవాళ్ళుంటే ఒక్కసారి అడగండి. ఏనుగు గురించి మాత్రం కాదు.