చెమట పట్టని కుటుంబం: డార్విన్ నుంచి 2018 దాకా

మే నెలలో చెమటలు కారుతుంటే తిట్టుకుంటాం కదా? అసలు చెమటే పట్టకపోతే ఎలా ఉంటుంది?

1875లో చార్లెస్ డార్విన్ తన పుస్తకంలో ఒక హిందూ కుటుంబం గురించి రాశాడు. ఊరు సింధ్ ప్రాంతంలో, అంటే ఇప్పటి పాకిస్తాన్. నాలుగు తరాల్లో పది మంది మగవాళ్లకి ఒకే సమస్య. రెండు దవడలూ కలిపి 12 పళ్లే. ఒంటి మీద వెంట్రుకలు చాలా తక్కువ, చిన్న వయసులోనే బట్టతల. ఎండాకాలం వస్తే చర్మం ఎండిపోయి నానా అవస్థ.

ఇంకో వింత ఏంటంటే, ఆ ఇంటి ఆడపిల్లలకి సమస్య రాలేదు, వాళ్ల కొడుకులకి వచ్చింది. తండ్రి నుంచి కొడుక్కి మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. డార్విన్‌కి కారణం తెలీదు. లోపం ఉన్నది ఎక్స్ క్రోమోజోమ్ మీద. మగపిల్లాడికి ఎక్స్ వచ్చేది అమ్మ నుంచే. 1996లో ఆ జీన్ దొరికింది, పేరు ఈడీఏ.

సరే, పళ్లకీ జుట్టుకీ చెమటకీ లింక్ ఏంటి? కడుపులో బిడ్డ చర్మం మొదట్లో నున్నటి పొర. ఈడీఏ తయారుచేసే ప్రోటీన్ ఒక సిగ్నల్ లాంటిది. ఇలాంటి సిగ్నల్స్ అందిన చోట కణాలు గుమిగూడి చిన్న బుడిపెలా మందమవుతాయి. అది లోపలికి దిగి వెంట్రుక కుదురు అవుతుంది. పన్ను, చెమట గ్రంథి కూడా ఇలాగే మొదలవుతాయి. నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే, ఒకే ఫంక్షన్‌ని మూడు చోట్ల కాల్ చేసినట్టు. కానీ ఆ కాల్ జరిగేది పుట్టకముందే.

అందుకే టైమింగే ఇక్కడ అసలు విషయం. 2003లో ఈ జీన్ పనిచేయని ఎలుకల మీద ప్రయోగం చేశారు. కడుపుతో ఉన్న తల్లికి ఆ ప్రోటీన్ ఇస్తే పిల్లలకి బొచ్చు, చెమట గ్రంథులు వచ్చాయి. తర్వాత మనుషుల్లో పుట్టిన పిల్లలకి ఇచ్చి చూశారు, పెద్దగా ఫలితం లేదు. అప్పటికే ఆలస్యం.

2018లో జర్మనీలోని ఎర్లాంగెన్ డాక్టర్లు ముగ్గురు మగపిల్లల వివరాలు ప్రచురించారు. వాళ్లలో ఇద్దరు కవలలు. ప్రోటీన్‌ని పుట్టకముందే ఉమ్మనీటిలోకి ఎక్కించారు. బిడ్డ ఆ నీటిని మింగుతాడు కాబట్టి మందు లోపలికి వెళ్తుంది. ఆ పిల్లలకి మామూలుగా చెమట పట్టింది!

ముగ్గురు అంటే చిన్న సంఖ్యే, ఇంకా ట్రయల్స్ కావాలి. కానీ చెమట పట్టని పసివాడికి జ్వరమొచ్చినా, ఎండ తగిలినా ప్రాణం మీదకి రావచ్చు. మీకు తెలిసిన ఏ బాబుకైనా చెమట పట్టక, పళ్లు చాలా తక్కువగా వస్తే, "పెద్దయ్యాక అదే సర్దుకుంటుందిలే" అనకండి, డాక్టర్‌కి చూపించమనండి.