పాత మర్యాదకు క్రొత్త బాట

బ్యాంకులును, భీమా సంస్థలును, ప్రభుత్వ శాఖలును దశాబ్దములుగా తమ లెక్కల నప్పగించిన మెయిన్‌ఫ్రేము యంత్రములకు ఒక సంభాషణ మర్యాద కలదు. ఐ.బి.ఎం. సంస్థ 1974లో ప్రకటించిన ఆ పద్ధతికి ఎస్.ఎన్.ఏ. అని పేరు. ఇందు పెద్ద యంత్రమే యజమాని. దాని ముంగిటనున్న నియంత్రకము ఒక్కొక్క శాఖా పరికరమును వరుసగా పిలుచును. పిలిచిననే గాని అది నోరు మెదపరాదు. నియమిత కాలములో బదులు రాకున్న సంబంధము తెగినట్లే లెక్క.

1983 జనవరి 1వ తేదీన అమెరికాలోని అర్పానెట్ స్వీకరించిన టి.సి.పి./ఐ.పి. సంప్రదాయము వేరు. అందు యజమాని లేడు. సమాచారము తునకలై దొరికిన దారిని పోవును. ఆలస్యమగుటయు, నడుమ జారిపోవుటయు కలదు. ఈ క్రొత్త బాట దేశదేశముల వ్యాపించినపిదప, పాత మర్యాదకై వేరుగా తంత్రులు పోషించుట దుబారాగా తోచినది. ప్రోగ్రాములనే తిరిగి వ్రాయరాదా యని అడుగుట సులభము. ఖాతాదారుల ధనమును ఏండ్లతరబడి తప్పులేక లెక్కించుచున్న దానిని తాకుటకు ఏ బ్యాంకు సాహసించును?

తెరమీది పనికి ఉపాయము త్వరగానే దొరికినది. 1988 నాటికే 3270 టెర్మినలు వేషమును టెల్‌నెట్ ద్వారా ధరించు విధానము వెలువడినది. చిక్కంతయు శాఖలలోని పాత పరికరములతోనే. దూరపు బాటలో ఆలస్యమైన బదులు గడువులోపల చేరక, పని నడుమ సంబంధములు తెగిపోయెడివి.

దీనికి 1993లో ప్రచురితమై, 1995లో ప్రమాణముగా సవరింపబడిన డి.ఎల్.ఎస్.డబ్ల్యు. పద్ధతి చూపిన పరిష్కారము నాకు మిక్కిలి ఆసక్తికరముగా కనిపించును. ఇరుచివరలనున్న రౌటర్లు, అవతలివాని బదులుకై వేచియుండక, ‘ముట్టినది’ అని తామే చెప్పివేయును. అటుపిమ్మట ఆ తునకను టి.సి.పి. ద్వారా చేరవేయు భారము తాము వహించును. మన కార్యాలయములలో తపాలా గుమస్తా ముద్ర వేసినంతమాత్రమున కాగితము అధికారి బల్లను చేరినదని యెవరును నమ్మరు. ఇక్కడను అంతే. నడిమి బాట పూర్తిగా తెగినచో ముట్టినదన్న తునక ముట్టకయే పోవచ్చును. అప్పుడు రౌటర్లు ఇరువైపుల సంబంధమును త్రెంచి తెలియజేయవలెను. సొమ్ము జమయైనదను తుదిమాట ప్రోగ్రామునుండియే రావలెనుగాని రౌటరునుండి కాదు.

1998లో వివరింపబడిన ఎంటర్‌ప్రైజ్ ఎక్స్‌టెండర్ ఈ అబద్ధపు బదులును కూడ విడిచినది. పోయిన తునకలను తిరిగి పంపు శక్తి ఎస్.ఎన్.ఏ. క్రొత్త రూపమునకే యుండుటచే, దానికి తేలికయైన యు.డి.పి. చాలినది. 12000 మొదలు 12004 వరకు గల ఐదు ద్వారములలో మొదటిది నియంత్రణకు. తక్కిన నాలుగు, ప్రాధాన్యమునుబట్టి సమాచారమునకు. దారిలోని రౌటర్లకు ఎస్.ఎన్.ఏ. తెలియకున్నను ద్వారముయొక్క అంకెను చూచి, ఏది ముందు పోవలెనో నిర్ణయింపగలవు. ఐ.బి.ఎం. వారి జెడ్/ఓ.ఎస్. యంత్రములలో ఈ మార్గము నేటికిని కలదు.