ఔత్సాహికుల ఛాయాచిత్రములు - దక్షిణాది తెలుగు పల్లెల చరిత్ర

శాసనము, కైఫీయతు, గ్రామపు లెక్క - ఈ మూడును పల్లె చరిత్రకు మూలాధారములని పరిశోధకులందఱు నంగీకరించినదే. ఛాయాచిత్రమునకు మాత్రము ఆ పంక్తిలో స్థానము పూర్తిగా లభింపలేదు. వేడుకకై తీసిన బొమ్మ యని దానిని ప్రక్కకు నెట్టుట పరిపాటి. విజయనగర కాలము మొదలు దక్షిణమునకు తరలి, తమిళ కన్నడ దేశములలో స్థిరపడిన తెలుగువారి విషయమున ఈ యుపేక్ష మిక్కిలి నష్టము కలిగించుచున్నది. వారిలో నాయకులైనవారి చరిత్ర శాసనములలో గలదు. సేద్యగాండ్ర, పశుపాలకుల, చేతిపనివారల ప్రసక్తి అందు అరుదు. వారి యిండ్లు, బావులు, కళ్ళములు, చెఱువుగట్లు ఎట్లుండెడివో కంటికి చూపునవి పాత ఛాయాచిత్రములే. వానిని తీసినవారిలో పెక్కుమందికి అది జీవనవృత్తి కాదు. వారు సైనికులు, వైద్యులు, ఉద్యోగులు. తీరిక వేళల ఉత్సాహము కొలది ఈ పనికి పూనుకొన్నవారు.

ఆరంభ దశ

1841లో ఇంగ్లండున టాల్బట్ కాగితపు నెగటివు పద్ధతికి హక్కుపత్రము పొందెను. 1851లో ఫ్రాన్సున గుస్టావ్ లె గ్రే ఆ కాగితమునకు మైనము పట్టించు పద్ధతిని ప్రకటించెను. అదే సంవత్సరమున ఆర్చర్ గాజుపలకపై కొలోడియను పూసి చిత్రము తీయు విధమును వెల్లడించెను. గాజుపలక తడి యారకమునుపే పని ముగియవలెను గనుక దానితో ప్రయాణించువాడు చీకటి గుడారమును, రసాయనములను వెంట మోసికొని పోవలసి యుండెను. మైనపు కాగితమును ముందుగానే సిద్ధపఱచి, పెట్టెలో నుంచుకొని, బండి ప్రయాణమున వాడుకొనవచ్చును. ఎండ తీవ్రమైన దక్షిణ దేశమున, దూరపు బాటలలో, ఈ సదుపాయము చిన్నది కాదు.

మదరాసులో 1850లో చిత్రకళాశాలను స్థాపించిన వైద్యుడు అలెగ్జాండర్ హంటరు ప్రోత్సాహమున 1856లో మదరాసు ఛాయాచిత్ర సంఘ మేర్పడెను. ఆ తరమువారిలో అగ్రగణ్యుడు లినేయస్ ట్రైప్. ఇతడు మదరాసు సైన్యమున అధికారి. స్వదేశమున సెలవులో నున్నపుడు ఈ విద్య నభ్యసించి, 1854లో బెంగుళూరునకు తిరిగివచ్చి, ఆ సంవత్సరాంతమున హళేబీడు, బేలూరు ఆలయములను చిత్రించెను. ఆ చిత్రములు 1855 మదరాసు ప్రదర్శనమున బహుమానము నందెను. ఉత్సాహముగా మొదలుపెట్టినవాడే 1856లో రాజధాని ప్రభుత్వపు ఛాయాచిత్రకారుడుగా నియుక్తుడయ్యెను.

రాయకోట, మధుర

1857 డిసెంబరు మొదలు 1858 వేసవి వఱకు ట్రైప్ చేసిన పర్యటనమున సేలము జిల్లాలోని రాయకోట, శ్రీరంగము, తిరుచిరాపల్లి, పుదుక్కోట, తంజావూరు, మధుర చిత్రింపబడినవి. ఆ చిత్రముల సంపుటములు 1858లోనే వెలువడెను. వీనిలో రాయకోట సంపుటము దక్షిణాది తెలుగువారికి ప్రత్యేకముగా గమనింపదగినది. 1791లో మైసూరు యుద్ధమున ఆంగ్లేయుల వశమైన ఈ గిరిదుర్గము, 2004లో ఏర్పడిన కృష్ణగిరి జిల్లాలో గలదు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములు తెలుగు, కన్నడ, తమిళములు మూడును కలిసిన సీమ. 1956లో భాషారాష్ట్రము లేర్పడినపుడు ఈ సీమ మదరాసు రాష్ట్రముననే నిలిచినది. ఆ బండల, ఆ బయళ్ళ, ఆ కోట రూపము నూట అఱువదేండ్లకు పైబడిన పూర్వకాలమున ఎట్లుండెనో ఈ సంపుటము తెలుపుచున్నది.

మధురలో ట్రైప్ చిత్రించిన తిరుమల నాయకుని మహలు తెలుగు నాయకరాజుల పాలనకు సాక్షి. 1866 తరువాత గవర్నరైన నేపియర్ ప్రభువు దానికి మరమ్మతులు చేయించెను గావున, అంతకు మునుపటి శిథిలస్థితిని నిర్ణయించుటకు 1858 చిత్రములే శరణ్యము. అమరావతి శిల్పముల సంగతియు నిట్టిదే. వాల్టర్ ఇలియట్టు 1845లో త్రవ్వించి మదరాసు చేర్పించిన శిల్పములను ట్రైప్ 1858లో చిత్రించెను. 1859లో అవి లండనునకు ఓడ నెక్కినవి. వస్తువు స్థలము మాఱినను, రూపము మాఱినను, దాని పూర్వస్థితిని ఛాయాచిత్రము నిలిపియుంచుననుటకు ఇవి రెండు నిదర్శనములు.

అయినను ఈ చిత్రములను కన్నుమూసి నమ్మరాదు. ట్రైప్ నెగటివులపై రంగు పూసి, ఆకాశమున మేఘములను, చెట్లకు ఆకుల నిండుదనమును కల్పించుట కలదు. కాగితముపై చిత్రము పడుటకు నిమిషముల కొలది కాలము పట్టుటచే కదలు మనుష్యుడు చిత్రమున నిలువడు. అందుచేత జనసమ్మర్దము గల వీథులు సైతము నిర్జనములుగ కనబడును. ఆ నిశ్శబ్దము యంత్రపు పరిమితియే కాని ఊరి స్వభావము కాదు. దీనిని మఱచినవాడు దక్షిణ దేశమంతయు పాడుపడియుండెనని పొరబడును.

పేర్లు లేని ముఖములు

భూదృశ్యములలో మనుష్యులు లేకపోగా, మనుష్యులనే చిత్రించిన గ్రంథములలో మఱియొక లోపము గలదు. 1868 మొదలు 1875 వఱకు ఎనిమిది సంపుటములుగ వెలువడిన భారత ప్రజల చిత్రగ్రంథమున నాలుగు వందలకు పైగా ఛాయాచిత్రములు గలవు. వానిలో పెక్కింటిని పంపినవారు ఉద్యోగులు, సైనికులైన ఔత్సాహికులే. చిత్రము క్రింద కులము గాని తెగ గాని వ్రాయబడినది. ఎదుట నిలిచినవాని పేరు సామాన్యముగ ఉండదు. 1909లో ఏడు సంపుటములుగ వెలువడిన థర్‌స్టన్ గ్రంథమున మధుర, తిరునల్వేలి సీమల తొట్టియ నాయకుల వంటి తెలుగు మాటలాడు జాతుల వర్ణనమును, చిత్రములును గలవు. అక్కడను మనుష్యుడు తన జాతికి మాదిరిగ నిలిచెనే కాని తానుగ నిలువలేదు.

ఈ లోపమునకు పరాకాష్ఠ ధాత కరువు చిత్రములు. 1876-78 మహాక్షామమున బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలతోపాటు సేలము, మధుర, కోయంబత్తూరు సీమలును అల్లాడినవి. మదరాసు అశ్వికదళాధికారి హూపర్ తీసిన క్షామపీడితుల చిత్రములు లోకప్రసిద్ధములు. ఎముకలు లెక్కింపదగిన ఆ శరీరములను చూడని చరిత్రకారుడు లేడు. వారిలో ఒకరిదైనను ఊరు, పేరు తెలిసిన చరిత్రకారుడును లేడు. ఆ గుంపులలో నిలిచినవారు ఏ భాషలో నన్న మడిగిరో చిత్రము చెప్పజాలదు.

పేర్లున్న చోట

దీనికి ప్రతిగ, ముఖము లేకున్నను పేరును నిలిపినది నోటిమాట. కోవిల్‌పట్టి చెంత ఇడైసేవల్ గ్రామమున తెలుగు కుటుంబమున జనించి, 1991లో సాహిత్య అకాదెమీ పురస్కారము నందిన కి. రాజనారాయణన్, తన గోపల్ల గ్రామము నవలలో ఉత్తరము నుండి తరలివచ్చి నల్లరేగడి నేలను సాగుచేసిన తెలుగువారి కథను చెప్పెను. దానికి పునాది కుటుంబములలో వృద్ధులు చెప్పుకొను వలస కథలు. ఇట్టి కథలలో తాత ముత్తాతల పేర్లు, విడిచివచ్చిన ఊళ్ళు, దాటిన నదులు గలవు, లేనిది రూపము. ఛాయాచిత్రమున రూపము గలదు; లేనిది పేరు. ఈ రెండింటిని జోడించు పనియే దక్షిణాది తెలుగు పల్లెల చరిత్రలో నేటికిని కొఱవడినది.

ఈ జోడింపు అసాధ్యము కాదనుటకు హైదరాబాదు రాజ్యమున జరిగిన కృషి యొకటి దృష్టాంతము. 1940 నుండి ఫ్యూరర్ హైమెండార్ఫ్ చెంచులను, కొండరెడ్లను, రాజగోండులను చిత్రించెను. ఇతడు మానవశాస్త్రజ్ఞుడే కాని వృత్తిచేత ఛాయాచిత్రకారుడు కాడు. చెంచులపై 1943లోను, కొండరెడ్లపై 1945లోను, గోండులపై 1948లోను వెలువడిన గ్రంథములతో ఆ చిత్రములు ముడిపడియున్నవి. ప్రక్కనే ఊరు, జీవనవిధానము వివరింపబడుటచే ఆ చిత్రము లందమునకే గాక ఆధారమునకును పనికివచ్చుచున్నవి. ఇవి నేడు లండనున ప్రాచ్య ఆఫ్రికా విద్యాసంస్థలో భద్రపఱుపబడి యున్నవి.

కుటుంబపు పెట్టెలలోని చిత్రములు

1888లో కొడాక్ కెమేరా, 1900లో ఒక డాలరు వెలకు బ్రౌనీ కెమేరా వచ్చిన పిదప ఈ విద్య సామాన్యులకును అందుబాటులోనికి వచ్చెను. 1953లో భారత ఛాయాచిత్ర సమాఖ్య ఏర్పడునాటికి దేశమున ఔత్సాహికుల పోటీలు, ప్రదర్శనములు పెరుగుచుండెను. గోధూళిలో ఎద్దుబండి, తాటితోపు, బిందె నెత్తుకొన్న స్త్రీ - ఇవి వారికి మిక్కిలి ప్రియమైన విషయములు. ప్రదర్శనమున పెట్టుటకు ఊరి పేరుకంటె వెలుగునీడల పొందికయే ముఖ్యమైనది. ఆ చిత్రములలో నందము గలదు. అది ఏ ఊరి బండియో, ఎవరి బండియో తెలియదు.

అయినను చరిత్రకు పనికివచ్చు సామగ్రి అందును దాగియున్నది. కపిల బావి చిత్రము నొకదానిని తీసికొందము. విద్యుత్తు పంపులు వచ్చిన పిదప ఎద్దులతో నీరు తోడు ఆ పద్ధతి దాదాపు మాసిపోయినది. హోసూరు సీమలోనో, కోవిల్‌పట్టి సీమలోనో కపిల తోలిన వృద్ధుని ముందు ఆ చిత్రము నుంచినచో, గిలక యేది, మోకు యేది, బాన యేది, తొండ మేది అని వ్రేలితో చూపి తన యింటి మాటలలో చెప్పును. ప్రశ్నావళితో పది దినములలో రాని మాటలు చిత్రముతో ఒక పూటలో వచ్చును. తెలుగు మాటలాడుచు, తెలుగు లిపి నెఱుగని కుటుంబము లచ్చట అనేకములు. తమిళనాట 2006 చట్టముచే పాఠశాలలలో తమిళము అనివార్య పాఠ్యమైన పిదప, పిల్లలకు తెలుగు బడిలో అందు అవకాశము మఱింత తగ్గినది. కావున ఇంటి మాటను వ్రాసికొనుట నేటి యవసరము.

కర్తవ్యము

ఇందులకు పెద్ద ధనము గాని, గొప్ప విద్వత్తు గాని అక్కఱలేదు. ప్రవాసాంధ్ర సంఘములు తమ తమ ఊళ్ళలో ఇంటింట నున్న పాత చిత్రములను చూచి, ప్రతులు తీయించి, ప్రతిదాని వెనుక నాలుగు సంగతులు వ్రాయింపవలెను: ఏ ఊరు, ఏ యేడు, ఎవరు నిలిచిరి, ఎవరు తీసిరి. కుటుంబమువా రనుమతించినంత మేరకే వానిని ప్రకటింపవలెను. వ్రాతను తెలుగునను, ఆ ప్రాంతపు భాషయందును ఉంచినచో పొరుగువారికిని అది పనికివచ్చును.

చిత్రపు కాగితము జాగ్రత్తపఱచిన నూఱేండ్లు నిలుచును. అందలి ముఖమును గుర్తుపట్టగల కన్నులు అంతకాలము నిలువవు. రాయకోట బండలపై నాడు నడచినవారి పేర్లు ఇక దొరకవు. మన తాతల కపిల బావులయొద్ద నిలిచినవారి పేర్లు చెప్పగల వృద్ధులు కొందఱైనను ఇప్పటికిని గలరు. వారిని అడుగుటయే మొదటి పని.