నారాయణగూడ పలుకు, అశోక్‌నగర్ పరీక్ష

ఒకే చౌరస్తాను ఒకరు నారాయణగూడ అంటారు, ఇంకొకరు నారాయణ్‌గూడ అంటారు. చిక్కడపల్లి పక్కనే చిక్కడ్‌పల్లి, దోమలగూడ పక్కనే దోమల్‌గూడ వినిపిస్తాయి. తేడా ఒక్క అకారమే. తెలుగు నోరు ఆ చిన్న అచ్చును వదులుకోదు, హిందుస్తానీ నోరు మాట మధ్యలో దాన్ని మింగేస్తుంది. పల్లి, గూడ రెండూ తెలుగు ఊళ్ల తోకలు, పక్కనున్న అశోక్‌నగర్‌లోని నగర్ తర్వాతి కాలపు కాలనీల తోక. దుకాణాల బోర్డుల మీద రెండు రకాల రాతలూ కనిపిస్తాయి. తప్పు పలికావని ఎవరూ ఎవరినీ ఆపరు. బస్సు ఆగాల్సిన చోటే ఆగుతుంది, దిగాల్సినవాళ్లు దిగుతారు. ఈ పేటల భాషా చరిత్ర అంతా ఈ అకారం దగ్గర మొదలుపెట్టొచ్చని నాకనిపిస్తుంది. వీధిలో రెండు పలుకులూ చెల్లాయి. గొడవ ఎప్పుడొచ్చినా బడి గుమ్మం దగ్గరో, కచేరీ గుమ్మం దగ్గరో, పరీక్ష హాలు గుమ్మం దగ్గరో వచ్చింది.

హైదరాబాద్ భాషల గురించి మనకు రెండు కథలు అలవాటయ్యాయి. అన్ని భాషలూ అన్నదమ్ముల్లా కలిసి బతికాయన్నది ఒకటి, ఉర్దూ తెలుగును అణగదొక్కిందన్నది ఇంకొకటి. రెంటికీ సాక్ష్యాలున్నాయి కాబట్టి రెండూ నిలబడ్డాయి. అయితే మొదటి కథ చెప్పేది బజారు సంగతి, రెండో కథ చెప్పేది సర్కారు సంగతి. ఈ రెంటినీ విడదీసి చూడకపోతే, ఒక మనిషికి రెండు భాషలు రావడమే సమస్య అన్నట్టు తయారవుతుంది. ఈ నగరంలో రెండో భాష నేర్వడం ఎవరికీ బరువు కాలేదు. మొదటి భాషను గడప బయట విడిచి రమ్మన్నప్పుడే అది బరువైంది.

ముందు బజారు సంగతి. హైదరాబాద్ దక్కనీ ఉర్దూలో ‘మై నై ఆతూఁ బోల్‌కే బోలా’ అంటారు. ఢిల్లీ ఉర్దూకు అలవాటైన ‘కి’ ఇందులో లేదు. ఉన్నది ‘బోల్‌కే’, అంటే మన ‘అని’. ‘నేను రాను అని చెప్పాడు’ అన్న తెలుగు వాక్యాన్ని మాట మాటకూ పక్కన పెట్టి చూడండి: మాటలు ఉర్దూవి, అల్లిక తెలుగుది. ‘అను’ అన్న క్రియ నుంచి మనకు ‘అని’ ఎలా వచ్చిందో, ‘బోల్‌నా’ నుంచి వాళ్లకు ‘బోల్‌కే’ అలాగే వచ్చింది. కె.వి.సుబ్బారావు, హర్‌బీర్ అరోరా వంటి భాషా శాస్త్రవేత్తలు 1980లలో దక్కనీ మీద చేసిన పరిశోధన చూపించింది ఇటువంటి కలయికనే. ఇలాంటిదే మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా కుప్వాడ్‌లోనూ జరిగింది. కన్నడం, మరాఠీ, ఉర్దూ, కొంత తెలుగు మాట్లాడే ఆ ఊరి మీద జాన్ గంపర్జ్, రాబర్ట్ విల్సన్ 1971లో వ్యాసం ప్రచురించారు. తరాలపాటు పక్కపక్కనే మాట్లాడుకోగా వాక్య నిర్మాణాలు దాదాపు ఒకటైపోయాయి, ఎవరి మాటలు మాత్రం వాళ్లకు మిగిలాయి. దీన్ని భాషలు చెడిపోవడం అనేవాళ్లున్నారు. చెడిపోవడమంటే నియమం తప్పడం. ఇక్కడ నియమం తప్పలేదు, పక్కింటి నుంచి కొత్త నియమం వచ్చి చేరింది. దక్కనీకి తెలుగు ఇచ్చిన ఈ ‘అని’, రాజ శాసనం లేకుండా, పాఠ్యపుస్తకం లేకుండా చేరిన సొత్తు.

ఇక సర్కారు సంగతి. నిజాం రాజ్యంలో 1884లో కచేరీ భాషగా ఫారసీ స్థానంలోకి ఉర్దూ వచ్చింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంగా మొదలైంది. అంతకు ముందు ఏడాదే దాని కోసం అనువాద శాఖ, దారుల్ తర్జుమా, ఏర్పడింది. దేశంలో మిగతా విశ్వవిద్యాలయాలు దాదాపు అన్నీ ఇంగ్లీషులో నడుస్తున్న రోజుల్లో వైద్యమూ ఇంజనీరింగూ ఒక భారతీయ భాషలో చెప్పవచ్చని రుజువు చేసిన సాహసం అది. దాన్ని చిన్నచూపు చూడడం తప్పు. అయితే 1951 జనగణన ప్రకారం హైదరాబాద్ రాష్ట్రంలో తెలుగువాళ్లు దాదాపు సగం, మరాఠీవాళ్లు నాలుగో వంతు, ఉర్దూ మాతృభాషగా ఉన్నవాళ్లు నూటికి పన్నెండుమంది. దేశీయ భాషలో చదువు అన్న గొప్ప సూత్రం, ఎనభై ఎనిమిది మందికి మళ్లీ పరాయి భాషలో చదువుగానే మిగిలింది.

ఆ మిగిలిన వాళ్ల గోడు 1921 నవంబరులో బయటపడింది. హైదరాబాద్‌లోని వివేకవర్ధిని పాఠశాల ఆవరణలో ధోండో కేశవ్ కర్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆంధ్ర జనసంఘం పుట్టింది ఆ అవమానం నుంచే. గోల చేసినవాళ్లకు తెలుగు కొత్త కాదని గమనించాలి. బజారులో రోజూ వినే భాషే అది. వేదిక ఎక్కేసరికి వినరానిదైంది.

ఈ జనసంఘం వాళ్లలో ఒకరు, మాడపాటి హనుమంతరావు, 1928లో నారాయణగూడలో ఆంధ్ర బాలికల పాఠశాల తెరిచారు. చదువు తెలుగులో. అలాంటి బడికి ఉస్మానియా గొడుగు కింద చోటు లేదు. అందుకని పూనాలోని మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచింది. 1916లో మాతృభాషలో స్త్రీ విద్య కోసం దాన్ని స్థాపించింది ఆ కర్వేయే. తెలుగుకు గొంతు దొరకని సభకు అధ్యక్షత వహించిన మనిషి పెట్టిన సంస్థే, తర్వాత తెలుగు ఆడపిల్లల చదువుకు గుర్తింపు ఇచ్చింది. ఈ ఉద్యమాన్ని సంకుచిత భాషాభిమానం అనేవాళ్లకు ఈ ఒక్క సంగతి చాలు. మాడపాటి ఉర్దూలో నడిచే న్యాయస్థానాల్లో వకీలుగా పనిచేసినవారు. సహచరుడు బూర్గుల రామకృష్ణారావు ఫారసీ పండితుడు. పై మెట్టు భాషలన్నీ వాళ్లకు వచ్చు. తమకు వచ్చింది కాబట్టి అందరూ నేర్చుకోవాల్సిందే అనకుండా, రాని పిల్లల కోసం ఇంకో తలుపు కట్టారు. ఇందులో నాకు కనిపించేది ఔదార్యం.

ఒక వాదన మిగిలి ఉంది. బీదింటి పిల్లకు రెండేసి, మూడేసి భాషలు తలకు మించిన బరువు కాదా? దీనికి ఈ ఊరే జవాబిచ్చింది. అప్పట్లో నిమ్స్ ఆసుపత్రిలో ఉన్న డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం, ఉస్మానియా భాషా శాస్త్రవేత్త దుగ్గిరాల వసంతతో కలిసి, 648 మంది మతిమరుపు వ్యాధిగ్రస్తులను పరిశీలించింది. ఫలితాలు 2013లో న్యూరాలజీ పత్రికలో వచ్చాయి. వాళ్లలో 391 మందికి రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు వచ్చు. ఒక్క భాషే వచ్చినవాళ్ల కంటే వాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువు రానివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. రెండుకు మించి భాషలు వచ్చినందువల్ల అదనపు లాభం కనబడలేదు. ఆసుపత్రికి వచ్చినవాళ్ల మీదే చేసిన అధ్యయనం కాబట్టి దీన్ని ఊరందరికీ వర్తింపజేయడంలో జాగ్రత్త అవసరం. ఇతర దేశాల్లో జరిగిన పరిశోధనలన్నీ ఇదే ఫలితం చూపలేదు కూడా. అయినా అక్షరం రాని మనిషి కూరగాయల బండి దగ్గర తెలుగు నుంచి దక్కనీలోకి, దక్కనీ నుంచి తెలుగులోకి మారుతున్నప్పుడు ఆ బుర్ర చేస్తున్నది చిన్న పని కాదని ఇది చెప్పింది. ఆ పనికి ఏ బడీ మార్కులు వేయలేదు.

నిజాం పాలన ముగిసిన 1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ స్థానాన్ని ఇంగ్లీషు తీసుకుంది. గుమ్మం అలాగే ఉంది, తాళం మారింది. 1966లో తెలుగు అధికార భాష అయ్యాక, కళాశాల చదువులు తెలుగులో చెప్పడానికి 1968లో హిమాయత్‌నగర్‌లో, నారాయణగూడకు కూతవేటు దూరంలో, తెలుగు అకాడమీ వచ్చింది. దారుల్ తర్జుమా చేసిన పనే మళ్లీ మొదలైంది. అక్కడ పారిభాషిక పదాలు అరబ్బీ ఫారసీల నుంచి తెచ్చారు, ఇక్కడ సంస్కృతం నుంచి తెచ్చారు. రెండు చోట్లా శ్రద్ధ ఉంది, పాండిత్యం ఉంది. పదం కావలసివచ్చినప్పుడు వీధిలోకి తొంగిచూడడం మాత్రం రెండు చోట్లా తక్కువే. మాతృభాషా మాధ్యమం అన్నప్పుడు ఏ తల్లి మాట్లాడే భాష అన్న ప్రశ్న అందువల్లే వస్తుంది. కానీ దానికోసం తెలుగు మాధ్యమాన్నే వద్దనడం పొరపాటు. పదం బరువైనా, చుట్టూ ఉన్న వాక్యం పిల్లవాడిదే. క్రియ వాడిది, ‘అని’ వాడిది, కాబట్టి ఆలోచన నడుస్తుంది. ఇంగ్లీషు పేరాలో పదంతో పాటు వాక్యమూ పరాయిదే.

ఆ తేడా ఎంతటిదో ఇవాళ అశోక్‌నగర్‌కు తెలుసు. ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్స్ పరీక్షల కోచింగ్ కోసం జిల్లాల నుంచి వచ్చినవాళ్లతో ఇక్కడి హాస్టళ్లూ, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ ఆవరణా నిండి ఉంటాయి. గ్రూప్-1 మెయిన్స్ తెలుగులో, ఇంగ్లీషులో, ఉర్దూలో రాయవచ్చు. ఇంగ్లీషు పేపర్ ఒకటి అందరూ పాసవ్వాలి. దాని మార్కులు ర్యాంకులో కలవవు. కాగితం మీద మూడు తలుపులూ తెరిచే ఉన్నాయి. అయినా 2025లో హైకోర్టు దాకా వెళ్లిన మెయిన్స్ ఫలితాల వివాదంలో, తెలుగులో రాసిన జవాబులకు న్యాయం జరిగిందా అన్నది కూడా ఒక ప్రశ్న. తలుపు తెరిస్తే సరిపోదు, లోపల ఆ భాష చదివి దిద్దేవాళ్లూ అంతే సిద్ధంగా ఉండాలని 1928లో మాడపాటికి తెలుసు. ఈ లోగా చదువు ఆగదు. రీడింగ్ రూమ్ బల్ల మీద తెలుగు అకాడమీ అర్థశాస్త్రం తెరిచి ఉంటుంది. అచ్చులో ‘ద్రవ్యోల్బణం’, పక్కన పెన్సిలుతో తెలుగు లిపిలోనే ‘ఇన్‌ఫ్లేషన్’, దాని కింద ఇంకా చిన్న అక్షరాల్లో ‘ధరలు పెరుగుడు’.